జాబితాలో లేని పిట్ట

అయినా జాబితాలో ఆ రెండో వాక్యం ఎందుకు రాసినట్టు? లేదు అని రాసి చుక్క పెట్టి ఊరుకుంటే ఏం పోయేది? లేనిదాన్ని లేదంటే పని అయిపోతుంది. దాని వెనకాల ఇంకొకటి తగిలించడం, ఎవరో అడిగినట్టు, ఎవరో మెచ్చుకుంటారన్నట్టు. గుమాస్తా బసవపున్నయ్య కార్బన్ కాగితాన్ని రెండు తెల్లకాగితాల మధ్య సర్ది, మెరిసే వైపు పైకి వచ్చిందని గమనించి, మళ్లీ తీసి తిరగేశాడు. వేళ్లకు నీలం అంటింది. తుడుచుకోవడానికి గుడ్డ కోసం సొరుగు లాగితే సొరుగు రాలేదు. వానలు మొదలైతే ఈ సొరుగు ఉబ్బుతుంది. ఉబ్బుతుందని ఏటా తెలుసు, ఏటా ఇదే నెలలో దాన్ని తిడతాడు.

"రాస్తున్నరా?" అన్నాడు రేంజరు వెంకటరామారావు.

"చెప్పండి సార్."

రేంజరు కిటికీ వైపు చూస్తూ చెబుతున్నాడు. ఆయన రేగుబండ అటవీ రేంజికి వచ్చి ఏడు నెలలైంది. ముప్పై ఐదేళ్ల మనిషి, ఖమ్మం దగ్గర పొలాలున్న ఇంటివాడు, చెప్పేటప్పుడు బూటు మడమతో నేలను తడుతూ ఉంటాడు. ఆ తట్టుడు బసవపున్నయ్య చేతిలోని కలానికి తగులుతోంది.

"ఎండ్రకాయల వాగు బీటు వాచరు దేవ్లాకు. ఈ నెల తొమ్మిది, పదహారు, ఇరవై నాలుగు తారీకుల్లో తెల్లవారుజామున సిబ్బంది వాగు దాటే చోట మాటు వేసి ఉండగా, టేకు దుంగల బండ్లు దగ్గరకు వచ్చే సమయానికి వాగు ఎగువ నుంచి ఈల వినిపించినది. మూడుసార్లు కూడా బండ్లు వెనకకు మళ్లినవి. ఆ వేళలో ఆ చోట నీవు తప్ప వేరెవరూ లేరు. కాబట్టి దొంగలకు సైగ చేసినది నీవేనని ఎందుకు భావించకూడదో, నిన్ను పనిలోంచి తీసివేసి పోలీసు కేసు ఎందుకు పెట్టకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. రాసిండ్రా?"

"రాశాను."

"ఈల అనే మాట కింద గీత పెట్టండి."

గీత పెట్టాడు. పెడుతూ ఉండగా గుమ్మం దగ్గర నిలబడ్డ గార్డు సమ్మయ్య గొంతు సవరించుకున్నాడు. మాటు వేసినవాళ్లలో సమ్మయ్య ఒకడు. ఈల విన్నానని వాంగ్మూలం ఇచ్చినవాడూ అతనే.

"సార్, ఒక్క మాట. దేవ్లా ఎప్పుడో అంటుండె, ఆ వాగుకాడ ఏదో పిట్ట ఈలేస్తదని. నేను నవ్విన."

"అది కూడ చూసిన నేను." రేంజరు బల్ల మీది పాత ఫైలు ముందుకు లాక్కుని, చీటీ పెట్టుకున్న చోట తెరిచాడు. "ఎనభై మూడుల మన ఆఫీసు నుంచి పోయిన జాబితా. అడవిల ఏ జంతువులున్నయి, ఏ పక్షులున్నయి అని. రాసింది మన పున్నయ్యగారే. వినండి. 'ఈలపిట్ట అని వాచర్లు చెప్పుకునే పక్షి ఈ రేంజిలో లేదు. తెల్లవారుజామున అడవిలో వినిపించే ఈల మనుషులదే తప్ప పక్షులది కాదు.' అయిపాయె. పిట్టల సంగతి ఆయనకంటె తెలిసినోళ్లు ఈ డివిజన్ల ఉన్నరా?"

సమ్మయ్య నవ్వాడు. వెనకాల అందరూ తనను పిట్టల పున్నయ్య అంటారని బసవపున్నయ్యకు తెలుసు. ఆ నవ్వులో అది కూడా ఉంది. వాక్యం కింద తన పొడి అక్షరాలు 'బ.పు.' అని ఉంటాయి, చీమ కాలంత. ఎక్కడ సంతకం పెట్టినా ఆయన అంతే పెడతాడు. చదివినవాడికి అది సంతకమో సిరా మరకో తేలకూడదన్నట్టు.

వరండాలో దేవ్లా నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, తడిసిన తువ్వాలు తల మీద వేసుకుని, చూరు నీళ్లు పడి గుంటలు పడ్డ నేలను చూస్తున్నాడు. లోపలి మాటలన్నీ అతనికి వినిపించే ఉంటాయి. బసవపున్నయ్య మెమో తీసుకుని బయటికి వచ్చాడు. ఒక్క మాట అంటాడేమోనని చూశాడు. దేవ్లా ఎడమ బొటనవేలు ముందుకు చాపాడు, అంతే. ఇంకు పలక ఎండిపోయి ఉంది. దాని మీద రెండు నీటి చుక్కలు వేసి రుద్దాల్సి వచ్చింది. వేలు పట్టుకుని అదిమేటప్పుడు కూడా దేవ్లా ఆయన ముఖం చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది. కోపానికి జవాబు చెప్పొచ్చు.

ఆ సాయంత్రం కిరాయి గదిలో బసవపున్నయ్య ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక ఉత్తరం తీశాడు. మూడేళ్ల కిందట హైదరాబాదులోని పక్షుల పండితుడొకాయన రాసిన జవాబు అది. కంఠతా వచ్చినా చదివాడు. 'మీరు చెప్పిన పక్షి పడమటి కనుమలది. మీ వైపు ఎవరూ చూసినట్టు నమోదు లేదు. ముక్కు ఏ రంగు? భుజం మీద, నుదుటి మీద నీలం చూశారా? లేకుంటే మగ కోకిలనో, ఏట్రింత పిట్టనో చూసి పొరబడి ఉంటారు. ఉత్సాహవంతులకు ఇది సహజమే.' ఆనాడు దేవ్లా వెంట వాగుకు పోయి ఆ ఈల చెవులారా విన్నాడు. నల్లటి పిట్ట ఒకటి రాయి నుంచి నీడలోకి పోవడం చూశాడు. ముక్కు చూడలేదు. నీలం చూడలేదు. ఉత్సాహవంతులకు అన్న మాట దగ్గర ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ మాట చదివిన మర్నాడే జాబితాలో ఆ రెండు వాక్యాలు రాశాడు. మొదటిది పండితుడి కోసం. రెండోది ఎవరి కోసం?

*

మంగళవారం సెలవు చీటీ రాసి పడేసి బస్సెక్కాడు. భద్రాచలం వెళ్లే బస్సు, కిటికీలకు అద్దాలు లేవు, కిటికీల మీదికి దింపే రేకు పరదా సగంలో ఇరుక్కుపోయింది. ఎడమ భుజం తడిసింది. కండక్టరు చిల్లర ఇవ్వకుండా దిగేటప్పుడు ఇస్తానన్నాడు, దిగేటప్పుడు బస్సు ఆగీ ఆగకముందే గంట కొట్టాడు. రోడ్డు నుంచి తండాకు మూడు మైళ్లు. వెదురు లారీలు తొక్కి తొక్కి దారంతా బురద. ఒక చెప్పు తెగింది. దాన్ని చేతిలో పట్టుకుని, అడుగడుక్కీ దేవ్లాను తిట్టుకుంటూ నడిచాడు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే ఈ నడక ఉండేది కాదు.

తండాలో దేవ్లా ఇంటి ముందు అతని భార్య కమ్లి జొన్నరొట్టె కొడుతోంది. బసవపున్నయ్యను చూసి లేవలేదు. చేతి గాజులు మోచేతి దాకా తోసుకుని, రొట్టె తిప్పి మళ్లీ కొట్టింది.

"కూసో సారూ. ఒక చెప్పే తెచ్చుకున్నవ?"

"దేవ్లా ఏడీ?"

"వాగుకాడ. ఉన్న మూడు దినాలన్న నౌకరీ చెయ్యాలె గద."

"మీ ఆయన పిట్ట సంగతి రేంజరుగారితో ఎందుకు చెప్పలేదమ్మా? అంతసేపు నిలబడి, రాయిలాగా..."

కమ్లి చేయి ఆపింది. "పిట్టను నువ్వు మింగితివి సారూ. ఈక మాత్రం మాయన నోట్ల పెడితివి. ఇప్పుడు ఆయన ఏం చెప్తడు?"

ఆమె రొట్టె పెనం మీద వేసి, ఏమీ అననట్టు, ఇంకో రొట్టెకు పిండి తీసుకుంది. తినమని ఒక రొట్టె, దాని మీద కారం పెట్టి ఇచ్చింది. వద్దనడానికి నోరు తెరిచి, ఆకలిగా ఉందని తెలిసి, తిన్నాడు. అది కూడా విసుగ్గానే ఉంది.

దేవ్లా గుడిసె వాగు ఒడ్డున, మాటు వేసిన చోటికి ఫర్లాంగు ఎగువన. వెదురు తడికెలు, పైన తాటాకు, లోపల రెండు నులక మంచాలు. దేవ్లా ఆయన తెగిన చెప్పు అందుకుని చూసి, ఏమీ అడక్కుండా తుమ్మముల్లు గుచ్చి ఉంగటం బిగించాడు.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"ఏంది సారూ?"

"ఏందేంది. పిట్ట సంగతి."

దేవ్లా చెప్పును కింద పెట్టి, సరిగ్గా ఆయన పాదం ముందుకు జరిపాడు. "మీరే లేదంటిరి గద సారూ. లేని పిట్టను నేనెట్ల చెప్త? చెప్తే అబద్ధమాడుతున్నడని ఇంకో కాయితం రాస్తరు."

"నువ్వు మూడేళ్ల కింద నాకు చూపించావు కదా."

"అవ్, చూపిస్తి. మీరు చూస్తిరి. చూసి లేదని రాస్తిరి. చదువుకున్నోళ్లు, ఏదో ఉంటదనుకున్న." అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బసవపున్నయ్యకు తేలికగా ఉండేది. "నాకు ఒకటే అర్థం కాలె సారూ. అది దినాం ఈలేస్తది. వానలు మొదలైనకాడికెళ్లి దసరా దాక, దినాం పొద్దుగాల. సమ్మయ్యసారోళ్లు మూడు దినాలే వచ్చిండ్రు. అందుకని మూడుసార్లే విన్నరు. బండ్లు ఎందుకు మళ్లినయో బండ్లోళ్లకే ఎర్క."

"ఈ మాట చెప్పొచ్చు కదా."

"ఎవలకు?"

ఇద్దరూ వాగులోకి దిగారు. రెండు గుట్టల మధ్య ఇరుకు దారిలో నల్లరాళ్ల మీదుగా నీళ్లు దూకుతున్నాయి. ఎండ ఎప్పుడూ సరిగ్గా పడని చోటు. నాచు, తడి ఆకుల వాసన. ఒక బల్లపరుపు రాయి దగ్గర దేవ్లా వంగి వేలితో చూపించాడు. రాయి మీద ఎండ్రకాయల డొప్పలు, విరిగిన కాళ్లు, నత్తగుల్లల ముక్కలు.

"ఇది దాని పీట. ఎండ్రికాయను పట్టుకొచ్చి ఈడనే కొడ్తది. కాళ్లన్నీ ఊడినంక మింగుద్ది. కప్పపిల్లలు గూడ. పండ్లు దొరికితే పండ్లు."

ఇంకొంచెం పైన, పలచగా జారే నీళ్ల వెనక, రాతిలో ఒక చిన్న అరుగు. దాని మీద నాచు, వేళ్లపోగులు, మట్టి కలిపి అల్లిన గూడు. నీటి తుంపర పడి పచ్చగా ఉంది. గూడు అని చెబితే తప్ప గూడులా లేదు.

"ఏటా గదే అరుగు. పాతదాని మీదనే కొత్తది కడ్తది. ఇప్పుడు పిల్లలున్నయి, రెండు."

రాతి చాటున కూర్చున్నారు. గంటన్నర. వాన పడింది, ఆగింది, మళ్లీ పడింది. బసవపున్నయ్య గొడుగు తెరిచి, దేవ్లా వద్దన్నట్టు చేయి ఊపితే మూశాడు. మెడ వెనక నుంచి నీళ్లు లోపలికి దిగుతున్నాయి. దోమలు. కాలు తిమ్మిరెక్కింది. ఒకసారి నీళ్ల అవతల 'క్రీచ్' మని తుప్పుపట్టిన గొళ్లెం లాగినట్టు ఒక అరుపు, ఆకుల్లో నల్లగా ఏదో కదలడం. అంతే.

"మనల్ని చూసింది. బెదిరితే గట్లనే అరుస్తది" అన్నాడు దేవ్లా.

"ముక్కు చూశావా? ఏ రంగు?"

"ఇప్పుడు చూడలె."

"మరి ఎప్పుడు చూస్తావు?" అని అరిచాడు బసవపున్నయ్య. తన గొంతు రాళ్లకు తగిలి తిరిగి వచ్చి తనకే వినిపించింది. దేవ్లా ఆయన కేసి మొదటిసారి సూటిగా చూసి, "పొద్దుగాల సారూ. రాత్రికి ఈడనే పండండి" అన్నాడు.

*

ఎవరో ఈల వేస్తున్నారు.

నిద్రలోంచి సగం బయటపడ్డ బసవపున్నయ్యకు ముందు కోపం వచ్చింది. పని లేనివాడెవడో నడుస్తూ, ఒక పాట ఎత్తుకుని, మధ్యలో మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టి, ఇంకో చోటికి పోయి, దిగి, ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు పైకెత్తి. మనిషి ఈలే. పెదవుల మధ్య గాలి సన్నగా తెగడం కూడా తెలుస్తోంది. కళ్లు తెరిచాడు. తడికెల సందుల్లో బూడిద రంగు వెలుతురు. పక్క మంచం ఖాళీగా ఉంది. దేవ్లా దుప్పటి లేదు.

లేచి కూర్చున్నాడు. ఆ క్షణంలో ఆయన మనసులోకి వచ్చింది కోపం కాదు. తర్వాత చాలాసార్లు దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు, అది కోపమే అయితే బాగుండునని. కాదు. హాయి. మూడేళ్లుగా ఎక్కడో బిగిసి ఉన్న ముడి ఒకటి వదులైంది. ఈల దేవ్లాదే. రాసింది నిజమే. రెండో వాక్యం కూడా నిజమే. మనుషులదే తప్ప పక్షులది కాదు. ఇక ఉత్తరం ట్రంకు పెట్టె అడుగున ఉండొచ్చు, బస్సెక్కి వెళ్లిపోవచ్చు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. దేవ్లాను ఈల నోట ఉండగా పట్టుకోవాలని, చెప్పులు లేకుండా, చప్పుడు కాకుండా, దొంగను పట్టేవాడిలా తడి రాళ్ల మీద దిగాడు.

దేవ్లా రాతి చాటున గొంతుకూర్చుని ఉన్నాడు. దుప్పటి తల మీంచి కప్పుకున్నాడు. నోట్లో వేపపుల్ల. నమిలిన చివర దవడ పక్కన పొడుచుకుని ఉంది. ఈల వినిపిస్తూనే ఉంది. దేవ్లా పెదవులు పుల్ల చుట్టూ మూసి ఉన్నాయి.

బసవపున్నయ్య అక్కడే ఆగిపోయాడు. దేవ్లా తిరిగి చూసి, ఆయన చెప్పులు లేని కాళ్లను, పట్టుకోబోయినట్టు ముందుకు చాచిన చేతిని చూశాడు. అర్థమైందో లేదో. పుల్ల తీసి ఉమ్మి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

"అగో" అన్నాడు.

బల్లపరుపు రాయి మీద పిట్ట. గోరింక కన్నా కొంచెం పెద్దది. నల్లగా, తడి బొగ్గులా. గొంతు కింద ఈకలు కదులుతున్నాయి, ముక్కు సగం కూడా తెరవడం లేదు, అంత ఈల ఎక్కణ్నుంచి వస్తోందో తెలియదు. ముక్కు నలుపు. బసవపున్నయ్య మనసులో ఉత్తరం తెరిచి ఆ ప్రశ్న పక్కన గుర్తు పెట్టుకున్నాడు. కాళ్లు నలుపు. ఈల ఆపి నీళ్ల అంచుకు దూకింది. తోకను నెమ్మదిగా విసనకర్రలా విప్పి మూసింది. రాయి కింద నుంచి ఒక ఎండ్రకాయను లాగి, పైకి తెచ్చి, అటూ ఇటూ విసిరి రాతికేసి కొట్టింది. ఒక కాలు ఎగిరి బసవపున్నయ్య ముందు పడింది. ఇంత దగ్గరగా ఉన్నా అది నల్లగానే ఉంది. నలుపే అయితే మళ్లీ మొదటికే. చూశారా? నల్లగా ఉంది సార్. అయితే కోకిల.

అప్పుడు తూర్పు గుట్ట సందులోంచి వెలుతురు ఒక పాయ వాగులోకి వాలింది. పిట్ట ఎండ్రకాయను నోట కరుచుకుని పక్కకు తిరిగింది. భుజం మీద నీలం. నుదుటి మీద ఇంకో చార. కార్బన్ కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే నలుపులోంచి పైకి తేలుతుందే, ఆ నీలం. రోజూ తన వేళ్లకు అంటేది. మళ్లీ తిరిగింది, పోయింది. మళ్లీ తిరిగింది, వచ్చింది. తర్వాత ఆ పిట్ట జారే నీళ్లలోంచి దూరి గూటికి వెళ్లిపోయింది. పిల్లల కీచుమాటలు నీళ్ల చప్పుడులో సగం వినిపించాయి.

"చూసిండ్రా?" అన్నాడు దేవ్లా.

"చూశాను."

"పోయినసారి గూడ గట్లనే అంటిరి."

బసవపున్నయ్య జేబులోంచి చిన్న పుస్తకం తీసి తారీకు వేశాడు. జులై ముప్పై, ఎనభై ఆరు.

*

గురువారం పదకొండు గంటలకు రేంజరుతో మాట్లాడాడు. రేంజరు అంతా విన్నాడు, బూటు తట్టడం ఆపి విన్నాడు. మధ్యలో నవ్వలేదు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

"నేను నమ్ముతున్న పున్నయ్యగారూ. నిజం చెప్తున్న. కాని నేను నమ్మితే కాదు, ఫైలు నమ్మాలె. మూడు బండ్ల టేకు పాయె. పైనుంచి నన్ను అడుగుతున్నరు, ఎవల్ని పట్టుకున్నరని. ఈలేసిన మనిషిని పట్టుకున్న అని రాసిన. ఇప్పుడు పిట్ట అంటే?"

"జాబితాలో నేను రాసింది తప్పని రాస్తాను."

"రాయండి. జాబితా తప్పయితే ఈ మెమో నిలవది, అది నిజమే. కాని డివిజన్ల అడుగుతరు. ఎనభై మూడుల లేని పిట్ట ఎనభై ఆరుల ఎట్ల వచ్చిందని. చూసి గూడ లేదని రాసినవా, చూడకుండ రాసినవా అని. రెండిట్ల ఏది చెప్పినా మెమో మీకే వస్తది. సూపరింటెండెంటు ప్రమోషన్ ప్యానెల్ల మీ పేరు మూడోది, నేనే చూసిన." రేంజరు లేచి టోపీ తీసుకున్నాడు. "నాలుగింటికి జీపుల టపా పోతది. ఫైలు మీ బల్ల మీదనే ఉంటది. ఏం పెట్టి పంపిస్తరో మీ ఇష్టం. నేను చెట్లు కొట్టే కూపుకు పోతున్న."

ఇష్టం. బసవపున్నయ్యకు ఒళ్లు మండిపోయింది. అరిచినా బాగుండేది, కుదరదన్నా బాగుండేది. తలుపు తెరిచి పెట్టి పోవడమేమిటి. కూర్చుని ఫైలు తాడు విప్పాడు, మళ్లీ కట్టాడు. రాయాల్సిన వాక్యాన్ని మనసులో నాలుగు రకాలుగా రాశాడు. 'ఇటీవలి పరిశీలనలో కనబడినందున' అని ఒకటి. అప్పుడు లేనట్టు, ఈ మధ్యనే పడమటి నుంచి బస్సెక్కి వచ్చినట్టు. అది బాగుంది, ఎవరికీ దెబ్బ తగలదు. 'కొందరి సమాచారం మేరకు' అని ఇంకొకటి. ఎవరా కొందరు? మధ్యాహ్నం భోజనానికి పోలేదు. టీ తెప్పించుకుని, మీగడ కట్టాక తాగాడు.

మూడు గంటలకు దేవ్లా వచ్చాడు. తడవకుండా పాలిథిన్ సంచిలో చుట్టిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు.

"సంజాయిషీ సారూ."

సమ్మయ్య దస్తూరీ. కింద వేలిముద్ర. బసవపున్నయ్య చదివాడు. 'నాకు చిన్నప్పటి నుంచి ఈల వేయు అలవాటు కలదు. గుడిసె వద్ద ఒంటరిగా ఉండుట వలన ఈల వేసుకుంటిని. దొంగలతో నాకు ఎట్టి సంబంధం లేదు. ఇకపై ఈల వేయనని హామీ ఇచ్చుచున్నాను. దయతలచి క్షమించగలరు.'

రెండోసారి చదివాడు.

"ఇదేంది దేవ్లా?"

"సమ్మయ్యసారు రాసిండు. మంచోడే సారూ, నా మీద పగ లేదు. ఈల విన్నరు గద, విన్నది ఎవలదో ఒకలది గావాలె. అలవాటుగ ఊదిన అంటే తిట్టి ఇడిసిపెడ్తరంట. పోలీసు కేసు ఉండదంట."

"నువ్వు వేయలేదు కదా."

"నేనెన్నడు వేయలె."

"మరి రేపు పొద్దున అది మళ్లీ ఈలేస్తే? వేయనని రాసిచ్చావు. మాటు వేసినవాళ్లు వింటే?"

దేవ్లా తల గోక్కున్నాడు. తువ్వాలు తీసి పిండాడు, మళ్లీ వేసుకున్నాడు. "దసరా దాక గద సారూ, తర్వాత అదే ఊకుంటది. నిన్న మీరు పోయినంక గులేరు పట్టుకొని పోయిన. కొట్టేస్తే ఈల ఉండది, లొల్లి ఉండదని. రాయి గూడ పెట్టిన. గూట్లకెళ్లి పిల్లలు నోళ్లు తెరిచినయి. చెయ్యి రాలె."

బయట ఎవరో జీపుకు నీళ్లు పోస్తున్నారు. బకెట్టు చప్పుడు. మూడుంపావు అయి ఉంటుంది. బసవపున్నయ్య ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. పొందికైన కాగితం. దీన్ని ఫైల్లో పెడితే అందరికీ సరిపోతుంది. రేంజరుకు మనిషి దొరుకుతాడు, సమ్మయ్య వాంగ్మూలం నిలుస్తుంది, జాబితా నిలుస్తుంది, ప్యానెల్లో మూడో పేరు అక్కడే ఉంటుంది, దేవ్లా కూడా బతికి బయటపడతాడు, బహుశా. నిన్న పొద్దున మంచం ఖాళీగా కనబడినప్పుడు కలిగిన హాయి మళ్లీ కాళ్ల దగ్గరి నుంచి పైకి పాకడం ఆయనకు స్పష్టంగా తెలిసింది. వెచ్చగా, చల్లని నేల మీద పిల్లి వచ్చి పక్కన పడుకున్నట్టు. దాన్ని గుర్తుపట్టాడు. గుర్తుపట్టడమే చికాకైంది. ఒకసారి గుర్తుపట్టిన తర్వాత అది కోపమని అనుకోవడానికి వీల్లేదు.

"నీ కాగితం నువ్వు తీసుకో" అన్నాడు.

"ఎందుకు సారూ?"

"తీసుకోమంటున్నానా. సంచిలో పెట్టుకో. తడపకు... తడిపినా పర్లేదు."

దేవ్లా తీసుకున్నాడు గానీ పోలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బసవపున్నయ్య సొరుగు లాగాడు. రాలేదు. బల్ల కాలికి పాదం ఆనించి రెండు చేతులా లాగాడు. కిర్రుమంటూ సగం వచ్చింది. వేళ్లు దూర్చి ఎర్ర సిరా కలం, స్కేలు తీశాడు. పాత జాబితా తెరిచి, ఆ రెండు వాక్యాల మీద స్కేలు పెట్టి గీత కొట్టాడు. మొదటిది తేలిగ్గానే పోయింది. రెండోదాని మీద సిరా ఆగిపోయింది. కలం విదిలిస్తే గోడ మీద చుక్కలు పడ్డాయి. మళ్లీ గీశాడు.

పక్కన మార్జిన్లో, ఉన్న చోటు చాలదని కాగితం అడ్డంగా తిప్పి, రాశాడు. 'పై రెండు వాక్యాలు తప్పు. ఈ పక్షిని వాచరు దేవ్లా 1983లోనే నాకు చూపించాడు. నేను చూసి కూడా లేదని రాశాను. 30-7-86న ఉదయం ఎండ్రకాయల వాగు వద్ద మళ్లీ చూశాను. ముక్కు, కాళ్లు నలుపు. భుజం, నుదురు నీలం. గూటిలో రెండు పిల్లలు. తెల్లవారుజామున వినిపించే ఈల దీనిదే.'

"ఏం రాసిండ్రు సారూ?" అన్నాడు దేవ్లా గుమ్మంలోంచి.

బసవపున్నయ్య చదివి వినిపించాడు. దేవ్లా చివరిదాకా విని, "పిల్లలు రేపో ఎల్లుండో ఎగుర్తయి" అన్నాడు. "జల్దీ వచ్చి చూసుకోమనండి, ఎవలన్న వచ్చేటట్టుంటే."

బయట డ్రైవరు హారన్ మోగించాడు. బసవపున్నయ్య కలం అలవాటుగా కాగితం అడుక్కి జారి, 'బ' రాసి, పక్కన చుక్క పెట్టబోయి ఆగింది. ఆయన ఆ అక్షరం పక్కనుంచే, తొందర లేకుండా, బడిలో రాసినట్టు, ఎవరైనా చదవగలిగేంత పెద్దగా, తన పేరు చివరిదాకా రాశాడు.